చంద్రుడు పెరిగే వారంలో నరికిన వెదురు

మా అత్తగారి పళ్ళెంలో సూప్ ఒక పక్కకే చేరుతోందని నేను మొదటిసారి చూసింది అక్టోబరులో, వానలు మొదలైన తొమ్మిదో రోజున. పళ్ళాన్ని ఇటు తిప్పాను, అటు తిప్పాను. ఎటు తిప్పినా సూప్ లోయ వైపే ఒరిగింది.

“ఏంటలా చూస్తున్నావు? ఈగ పడిందా?” అంది మా అత్తగారు దోన్యా ఎదెల్మిరా.

“లేదు. వేడిగా ఉందేమోనని.”

“చల్లారి గంటయింది. పెట్టు, పెట్టు.”

ఆమెకి ఎనభై నాలుగేళ్ళు. రెండేళ్ళ కింద తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి మంచం దిగలేదు. చెంచాతో తాగించి, మూతి తుడిచి, వంటింట్లోకి వచ్చాను. ఆ పూట అరేపా రొట్టెలు కాల్చడానికి కూర్చుంటే మొక్కజొన్న పిండి చేతికి కుదరలేదు. ఒక్కటీ గుండ్రంగా రాలేదు.

మా ఇల్లు వీధి వైపు నేల మీదే ఉంటుంది. వెనక సగం లోయ మీదికి వెళ్ళి, ఎనిమిది గ్వాదువా కాళ్ళ మీద నిలబడుతుంది. గ్వాదువా అంటే మా కొండల్లో పెరిగే లావు వెదురు, ఒక్కో బొంగు మనిషి తొడంత ఉంటుంది. మనిసాలెస్ ఊరి కొండ వాలు మీద మా పేటలో ఇళ్ళన్నీ ఇంతే. మా మామగారు కట్టినప్పుడు గోడలన్నీ తడిక గోడలే. బొంగుల చట్రం, దాని మీద చీల్చి పరిచిన వెదురు, ఆపైన మట్టీ గుర్రపు పేడా కలిపి మెత్తిన పూత. అలాంటి గోడ మీద చెయ్యి వేసి తోస్తే కొంచెం ఊగుతుంది. ఊగినా పడదు.

ఇటుకతో కట్టిన ఇంటిని మా వైపు ‘సరుకు ఇల్లు’ అంటారు. తడిక ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ చచ్చేలోగా సరుకు ఇంట్లో పడుకోవాలనే ఉంటుంది. దోన్యా ఎదెల్మిరాకి ఇంకా ఎక్కువ. చిన్నప్పుడు బడిలో ఆమె పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదట, బట్టలు పేడ కంపు కొడుతున్నాయని. మా ఆయన అల్దెమార్ తాపీ మేస్త్రీ. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళందరి ఇళ్ళకీ ఇటుక పేర్చినవాడు. మూడేళ్ళ కింద తల్లి గదికి తడికలు పీకేసి, బొంగుల మధ్య మూడు వైపులా ఇటుక కట్టాడు. ఎవరు చూడటానికి వచ్చినా ఆమె మంచం మీంచే వేలి కణుపుతో గోడ మీద కొట్టి చూపించేది. “విన్నావా? సరుకు.”

ఆ సరుకే ఇప్పుడు మమ్మల్ని లోయలోకి లాగుతోంది.

శనివారం నాడు మునిసిపాలిటీ నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. వాన కోటు, మోకాళ్ళ దాకా బూట్లు, మా అమ్మాయి వయసు కూడా ఉండదు. టార్చి పట్టుకుని ఇంటి కిందికి దిగి, చాలాసేపు పైకి రాలేదు. వచ్చాక బూట్ల బురద గుమ్మం దగ్గరే గీరుకుంది, లోపలికి రాలేదు.

“సెన్యోరా, ఆ గదిలో లోడుతో ఉన్న లారీని నిలబెట్టినట్టుంది. కింద ఒక కాలు నిలువునా చీలింది. నా వేలు దూరింది.”

“మరి ఏం చెయ్యాలి?”

“ఇటుక మొత్తం దించెయ్యాలి. వాటి చోట తేలిక గోడలు పెట్టాలి. శుక్రవారం వస్తాను. అయిపోతే సరే. లేకపోతే మిమ్మల్ని బడిలోకి మార్చి, ఇంటికి సీలు వేస్తాను. వానలు తగ్గాక కూల్చేస్తారు.”

“శుక్రవారమా? ఆరు రోజుల్లోనా?”

“కొండ ఆరు రోజులు ఆగుతుందని నేను మాటివ్వడం లేదు, సెన్యోరా. మా ఆఫీసు ఆగుతుంది, అంతే.”

బడి అంటే వీధి చివర ఉన్న బడే. ఇళ్ళు పోయినవాళ్ళు నలభై కుటుంబాలు అక్కడ నేల మీద పరుపులు వేసుకుని ఉన్నారు. మా పక్కింటి దోన్ పొలికార్పోని, పక్షవాతంతో ఉన్న మనిషిని, చేతుల మీద మోసుకెళ్ళారు. తడి నేల, ఒక్క మరుగుదొడ్డి. ఆరో రోజున దుప్పటి కప్పి బయటికి తెచ్చారు. మా అత్తగారైతే ఆరు రోజులు కూడా ఉండదని నాకు తెలుసు. అల్దెమార్‌కీ తెలుసు. కానీ ఆయన ఇంజనీరమ్మ వెళ్ళగానే గుమ్మంలో నిలబడి, “నిన్నగాక మొన్న పరీక్ష రాసిన పిల్ల, ఇటుకని తిడుతోంది. కింద రెండు కాంక్రీటు స్తంభాలు పోస్తే గది వందేళ్ళుంటుంది,” అన్నాడు.

“స్తంభం గట్టిపడటానికి ఎన్ని రోజులు?”

శుక్రవారంలోగా గట్టిపడదు. ఆ మాత్రం నాకూ తెలుసు, మేస్త్రీ పెళ్ళాన్ని కదా.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక నేనే వెళ్ళి దోన్ ఎలియోదోరోని పిలుచుకొచ్చాను. ఆయన వెదురు వడ్రంగి. డెబ్భై ఎనిమిదేళ్ళు, పొట్టి మనిషి, నడుముకి కత్తి లేకుండా ఎవరూ చూడలేదు. మా పేటలో ఇల్లు కొనేవాడు మొదట అడిగే మాట, “ఎలియోదోరో కొట్టిన వెదురేనా?” అని. అవునంటే ఇంకో మాట అడగడు. ఆయన చంద్రుడు తరిగే రోజుల్లోనే, తెల్లవారకముందే బొంగు నరుకుతాడు. నరికినదాన్ని కింద పడెయ్యడు. తోపులోనే, దాని తోడబుట్టినవాటికి ఆనించి, ఆకులతో సహా మూడు వారాలు నిలబెడతాడు. లోపలి తియ్యటి నీరంతా దిగిపోయాక గానీ ఇంటికి తేడు. అలాంటి బొంగు జోలికి పురుగు రాదు.

ఆయన ఇంటి కింద ఒక్కో కాలునీ పిడికిలితో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. అల్దెమార్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మేస్త్రీ, ఈ గోడ కట్టేటప్పుడు నన్నొక మాట అడగాల్సింది,” అన్నాడు దోన్ ఎలియోదోరో.

“అడిగితే ఏమనేవాడివి మేస్త్రీ? పేడ పుయ్యమనేవాడివి.”

“అనేవాణ్ణే. పక్క జిల్లాలో భూమి కదిలిన ఏడు నువ్వూ వెళ్ళావు, నేనూ వెళ్ళాను. వారం రోజులు మనుషుల మీద నుంచి ఏం ఎత్తిపోశావు? చెప్పు. పేడా, ఇటుకా?”

అల్దెమార్ లోయ వైపు చూశాడు.

“ఏడు కాళ్ళు గంటలా మోగుతున్నాయి,” అన్నాడు ముసలాయన నాతో. “చీలినదానికి ఇనప పట్టీలు బిగిస్తాను. మీద బరువు దిగితే మోస్తుంది. దిగకపోతే ఇంకో పెద్ద వానకి పోతుంది.”

“మరి తడికలకి వెదురు?”

“అదే లేదు, అమ్మాయ్. ఎండినదంతా పోయిన నెల చర్చి కప్పుకి పోయింది. కలప డిపోకి వెళ్దామంటే కొండ విరిగి రోడ్డు మూసుకుపోయింది.”

“తోపులో ఉందిగా.”

“ఉంది. చంద్రుడు పెరుగుతున్నాడు. నీళ్ళన్నీ పైకెక్కి ఉన్నాయి. ఇప్పుడు నరికితే అది వెదురు కాదు, చెరుకు. పురుగుకి పెళ్ళి భోజనం. మహా అయితే రెండేళ్ళు.”

“రెండేళ్ళు ఎవరడిగారు మిమ్మల్ని? నాకీ వానాకాలం చాలు!”

నా గొంతు అంత పెద్దగా లేస్తుందని నేనే అనుకోలేదు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“అరవై ఏళ్ళలో అలా ఒక్క బొంగు నరకలేదు, నోయెమీ. ఇంకేదన్నా అడుగు, చేస్తాను.”

నేల చెక్కల సందుల్లోంచి మా మాటలన్నీ పైకి వినిపించాయి. మేం మెట్లెక్కి వచ్చేసరికి దోన్యా ఎదెల్మిరా గోడకి అరచెయ్యి ఆనించి పడుకుని ఉంది.

“నా గోడ ముట్టుకోకండి,” అంది. “పోతే గోడతో పాటే పోతాను. ఎనభై నాలుగేళ్ళొచ్చాక నన్ను మళ్ళీ పేడలోకి తోస్తారా?”

“ఎవరూ తొయ్యట్లేదమ్మా,” అన్నాడు అల్దెమార్. ఆ తర్వాత నా వైపు చూడలేదు.

సోమవారం పొద్దున్నే స్తంభాలకి ఇనప ఊచలు తెస్తానని వెళ్ళాడు. వెళ్ళొద్దని చెప్పాను. వాన చినుకు చినుకుగా మొదలై, పదింటికల్లా రేకు మీద గులకరాళ్ళు పోసినట్టు పడింది. పదకొండింటికి అత్తగారి గది తలుపు మూసుకోలేదు. ద్వారబంధం ఒరిగింది. నేను ఆ తలుపుని భుజంతో నెడుతూ, కింద ఎక్కడో వెదురు మూలగడం విన్నాను. పిండి గిన్నె పక్కన పెట్టేసి, అల్దెమార్ సంచిలోంచి సుత్తీ ఉలీ తీసుకున్నాను.

ఎడమ గోడ దగ్గర స్టూలు వేసుకుని పై వరస నుంచి మొదలుపెట్టాను. మొదటి ఇటుక ఊడిరావడానికే చాలాసేపు పట్టింది. మా ఆయన మంచి మేస్త్రీ అని అంతకుముందు ఎప్పుడూ అంత బాగా తెలియలేదు.

“ఏం చేస్తున్నావే? ఏయ్! ఏం చేస్తున్నావు?”

“కళ్ళు మూసుకోండి దోన్యా ఎదెల్మిరా, దుమ్ము పడుతుంది.”

“దొంగదానా! కొంపలు కూల్చేదానా! మా వాడు నిన్ను ఏ సంతలోంచి తెచ్చాడో అక్కడికే పో!”

“పోతాను. మీరు మాత్రం దుప్పటి మొహం మీదికి లాక్కోండి.”

నీళ్ళ గ్లాసు విసిరింది. నా వీపుకి తగిలింది. తరవాత జపమాల విసిరింది. అది మాత్రం తీసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టాను. ఆమె అరుస్తూనే ఉంది, నేను కొడుతూనే ఉన్నాను. ఊడిన ఇటుకల్ని ఒక్కొక్కటే దించి, సున్నం దులిపి, మంచం కాళ్ళ దగ్గర నీటుగా దొంతర పెట్టాను. బయట వానలో పడేస్తే పాడవుతాయనిపించింది. ఇల్లాలి బుద్ధి. గోడ సగం దిగింది. మంచం దగ్గర నా నడుము ఎత్తు దొంతర లేచింది. ఇంత పని ఒక్కదాన్నీ చేశానని లోపల కొంచెం పొంగిపోయాను కూడా.

అప్పుడు కింద టప్పుమంది. పొయ్యిలో పెట్టిన వెదురు కణుపు పేలినట్టు. మంచం జానెడు జరిగింది. దోన్యా ఎదెల్మిరా అరవడం ఆపేసింది.

“నోయెమీ.”

గుమ్మంలో అల్దెమార్. ఒంటి మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఊచలు తేలేదు.

“కదలకు,” అన్నాడు చిన్నగా. “ఇటుక ఎక్కడ పెడుతున్నావు?”

“ఇక్కడే…”

“గోడ పొడుగూతా ఉన్న బరువంతా తెచ్చి ఒక్కచోట పోశావు. సరిగ్గా చీలిన కాలు నెత్తిన.”

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. ఆ గొంతు నేను పెళ్ళయ్యాక రెండుసార్లే విన్నాను. నన్ను గోడ పక్కగా, అడుగులో అడుగేసుకుంటూ రమ్మన్నాడు. నేను బయటపడ్డాక, ఒరిగిపోయిన ఆ తలుపునే బందులూడదీసి తెచ్చాడు. బోర్లా పడుకుని, తలుపుని మంచం మీదికి జరిపాడు. తల్లిని దుప్పటితో సహా దాని మీదికి లాగాడు. ఇద్దరం పాకుతూ పాకుతూ ఆమెని వంటింట్లోకి తెచ్చాం. నాలుగు బస్తాల మొక్కజొన్న మోసిన చేతులు నావి. ఆమెలో ఒక్క బస్తా బరువు కూడా లేదు.

“నా గది,” అంటోంది. “నా గది, నా గది.”

అల్దెమార్ మళ్ళీ గదిలోకి వెళ్ళబోతుంటే చొక్కా పట్టుకున్నాను.

“వదిలెయ్. పోతే పోనీ.”

“సగం దించి వదిలేస్తే ఇల్లంతా తిప్పేస్తుంది. అటో వరసా, ఇటో వరసా దించాలి. నువ్వు వెళ్ళి వీధిలో మనుషుల్ని పిలు.”

మొదట నా దొంతరని రెండేసి ఇటుకల చొప్పున ఖాళీ చేశారు. ఆ తర్వాత గోడలు. వీధిలోవాళ్ళు పన్నెండు మంది నడవలో వరసగా నిలబడి, చేతులు మార్చి మార్చి ఇటుకల్ని రోడ్డు మీదికి చేర్చారు. లోపల మాత్రం ఆయన ఒక్కడే, నడుముకి తాడు కట్టుకుని. ఆ తాడు రెండో కొస నా చేతిలో ఉంది. ఆయన్ని ఆపేంత బలం నాకుందనా? లేదు. ఊరికే పట్టుకున్నాను. మంగళవారం మధ్యాహ్నానికి ఆఖరి ఇటుక బయటపడింది. గది నిలబడింది. గోడల్లేవు, బొంగుల ఎముకలు మాత్రం ఉన్నాయి. వాటి మధ్యలోంచి వాన అటు నుంచి ఇటు వెళ్ళిపోతోంది.

దోన్యా ఎదెల్మిరా వంటింట్లో పొగ మధ్య గోడ వైపు తిరిగి పడుకుంది. సోమవారం రాత్రి సూప్ తాగలేదు. మంగళవారం బెల్లం నీళ్ళు తాగలేదు. బుధవారం పెదాలు తడిపితే తల తిప్పేసింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, కాగితంలా ఉంది. బడికి మోసుకెళ్ళకుండా ఇంట్లోనే చంపేస్తున్నానని భయం పట్టుకుంది.

బుధవారం సాయంత్రం దోన్ ఎలియోదోరో పట్టీలు బిగించడానికి వచ్చాడు. పని అయ్యాక చేతులు కడుక్కోడానికి వంటింట్లోకి వచ్చి, ఆమెని చూసి ఆగిపోయాడు. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగినవాళ్ళు.

“ఎదెల్మిరా, తాగు.”

“నా గది ఇవ్వు, తాగుతా.”

“నీ గదికి గోడల్లేవు.”

“అయితే నీకెందుకు? వెళ్ళు.”

ఆయన స్టూలు మీద కూర్చుని, పొయ్యి మీద చల్లారిపోయిన బెల్లం నీళ్ళ గ్లాసుని చూశాడు. తర్వాత లేచి, నడుముకున్న కత్తి సర్దుకుని వెళ్ళిపోయాడు.

గురువారం తెల్లారకముందే గుమ్మం దగ్గర కంచరగాడిద గిట్టల చప్పుడైంది. తలుపు తీస్తే దోన్ ఎలియోదోరో, గాడిద వీపు మీద గోనెలు కప్పిన బొంగులు. దొంగసొత్తు కప్పినట్టు, ఒక్క ఆకు కూడా బయటికి కనపడకుండా కప్పాడు. కోసిన చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి. వీధంతా చెరుకు వాసన.

“త్వరగా లోపలికి లాగండి,” అన్నాడు నా మొహం చూడకుండా. “నేను నరికానని ఎవరితోనూ అనొద్దు.”

ఆ రోజు నేను అరేపాలు కాల్చలేదు. ముగ్గురం పని చేశాం. ఆయన బొంగు చుట్టూ కణుపు కణుపుకీ గొడ్డలితో నెర్రెలు కొట్టి, ఒక్క చోట నిలువునా చీల్చి, పుస్తకంలా తెరిచి నేల మీద పరిచేవాడు. లోపలి మెత్తని తెల్ల పొరని నేను పారతో గీకేదాన్ని. అది ఉంటే పురుగు ఇంకా త్వరగా వస్తుందట. నునుపు చర్మం గదిలోకీ గరుకు వైపు బయటికీ పెట్టి మేకులు కొట్టాడు, సిమెంటు మాలు గరుకునే పట్టుకుంటుంది కాబట్టి. దాని మీద కోళ్ళ గూటికి కొట్టే ఇనప జాలీ. తయారైన ఒక తడికని ఆయన ఒంటి చేత్తో ఎత్తి అల్దెమార్‌కి అందించాడు. అల్దెమార్ రెండు చేతులూ చాచి అందుకున్నాడు, బరువు ఉంటుందనుకుని. లేకపోయేసరికి ఒక అడుగు వెనక్కి తూలాడు.

“ఏం మేస్త్రీ, గోడ కరిచిందా?”

“గాలికి పోదా ఇది?”

“పోదు. ఊగుతుంది. నీ ఇటుక ఊగదు. అందుకే విరుగుతుంది.”

మాలు కొట్టడం అల్దెమార్ వంతు. తాపీ నిండా తీసి జాలీ మీద విసరబోతే ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“వేలెడు. వేలు దాటితే నా కత్తి తీసుకుని నేను ఇంటికి పోతా.”

“ఇది పూతా, పౌడరా?”

“పౌడరే అనుకో. పెళ్ళికూతురికి రాసినట్టు రాయి.”

నాకు నవ్వొచ్చింది. వారం రోజుల్లో మొదటిసారి. నవ్వుతుంటేనే కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. ఇద్దరూ చూడనట్టు పని చేసుకున్నారు. చీకటి పడేలోగా మూడు గోడలూ అయ్యాయి. శుక్రవారం పొద్దున్నే అల్దెమార్ లోపలి వైపు పచ్చటి వెదురు కనపడకుండా సున్నం కొట్టాడు. దోన్యా ఎదెల్మిరాని మళ్ళీ గదిలోకి, తన మంచం మీదికి తెచ్చాం. ఆమె వేలి కణుపుతో గోడ మీద కొట్టింది. డొల్లగా, చప్పగా మోగింది. గ్లాసు నోటి దగ్గర పెడితే రెండు గుక్కలు తాగింది.

పదకొండింటికి ఇంజనీరమ్మ వచ్చింది. కిందికి దిగి పట్టీలు చూసింది, కాళ్ళు కొలిచింది. పైకి వచ్చి, గది మధ్యలో రసమట్టం పెట్టి, నేల కొంచెం ఒరిగినా అంతకుమించి జరగలేదని రాసుకుంది. గోడని అరచేత్తో తోసి చూసింది. ఊగింది. “బాగుంది,” అంది. అంతలో ఆగి, ముక్కు ఎగబీల్చింది.

“ఇది ఎండిన వెదురేనా?”

గోడకి దగ్గరగా వంగి మళ్ళీ వాసన చూసింది.

“పచ్చిదైతే నేను సంతకం పెట్టలేను, సెన్యోరా. ఎండుతూ ముడుచుకుంటుంది, మేకులు వదిలేస్తుంది. పురుగు సంగతి సరేసరి. ఎప్పుడు నరికింది?”

నేను అత్తగారి దుప్పటి సర్దాను. మంచం మీద ఆమె ఊపిరి వినిపిస్తోంది. అల్దెమార్ చేతిలో తాపీకి అంటిన మాలుని గోటితో గీకుతున్నాడు. ఇంజనీరమ్మ గుమ్మంలో నిలబడ్డ ముసలాయన వైపు తిరిగింది.

“దోన్ ఎలియోదోరో, మీ పనేగా ఇది? మీరు చెప్తే చాలు.”

ఆయన టోపీ నెత్తి మీదే ఉంచుకున్నాడు.

“సెప్టెంబరులో. చంద్రుడు తరిగేటప్పుడు,” అన్నాడు. “మూడు వారాలు తోపులో నిలబెట్టాను.”

ఆ పిల్ల సంతకం పెట్టింది. కాగితం నా చేతికిచ్చి, అత్తగారికి నమస్కారం చెప్పి వెళ్ళిపోయింది. నేను ముందే పోసి ఉంచిన నల్ల కాఫీ దోన్ ఎలియోదోరోకి అందించబోయాను. ఆయన నా పక్కనుంచి నడిచి, వీధిలో ఇటుకల కుప్ప పక్కగా, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

వానలు ఇంకో ఐదు వారాలు పడ్డాయి. మా కింద రెండు ఇళ్ళు లోయలోకి జారిపోయాయి. అందులో ఒకటి సరుకు ఇల్లు. మాది నిలబడింది. దోన్యా ఎదెల్మిరా కొంచెం కొంచెంగా తినడం మొదలుపెట్టింది, నన్ను తిట్టడం కూడా. దోన్ ఎలియోదోరో మాత్రం ఆ తర్వాత ఏ పనీ ఒప్పుకోలేదని విన్నాను. ఎవరో కొత్త ఇంటికి వెదురు నరకమని వెళ్తే, కళ్ళు కనపడటం లేదని పంపేశాడట. ఆయన కళ్ళకి ఏమీ కాలేదు. నేను మూడుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. లోపల దగ్గు వినిపించింది. తలుపు మాత్రం తియ్యలేదు.

జనవరి ఆఖర్లో ఒక పొద్దున అత్తగారి గది ఊడుస్తుంటే, గోడ వారగా చీపురుకి ఏదో అంటింది. వంగి వేలితో తీశాను. లేత పసుపు పొడి, జల్లెడ పట్టిన మొక్కజొన్న పిండికన్నా మెత్తగా ఉంది. రెండు వేళ్ళ మధ్య రాసి, గుమ్మం వైపు చూశాను. అల్దెమార్ ఇంకా నిద్ర లేవలేదు. గబగబా చేటలోకి ఎత్తాను.

“తల వైపు కూడా ఉంది, ఊడువు,” అంది దోన్యా ఎదెల్మిరా.

ఆమె నిద్రపోతోందనుకున్నాను.

“ఇరవై రోజులుగా వింటున్నాను. కొరుకుతూనే ఉంటాయి, తెరిపి లేకుండా.”

“మరి చెప్పలేదే?”

“చెప్తే వాడు మళ్ళీ ఇటుకలు తెస్తాడు.”

మంచం జరిపి తల వైపు కూడా ఊడ్చాను. అక్కడ ఇంకా ఎక్కువ ఉంది. ఆమె నా చేతులే చూస్తోంది.

“ఎన్నాళ్ళుంటుంది?” అంది.

“తెలియదు.”

“ఎలియోదోరోకి తెలుస్తుంది. వాణ్ణి పిలు. ఈసారి సరిగ్గా నరకమను.”

“తలుపు తియ్యడు దోన్యా ఎదెల్మిరా.”

“నేను రమ్మన్నానని చెప్పు.”

చేటలో పొడిని పొయ్యిలో పోశాను. ఒక్కసారి భగ్గుమని పోయింది. అరేపాలు పెనం మీద వేసి, క్యాలెండర్ చూశాను. చంద్రుడు గురువారం నుంచి తరుగుతాడు. రెండు రోజులుంది. ఆ రెండు రోజులూ అల్దెమార్ కన్నా ముందే లేచి ఊడుస్తాను. గురువారం చీకటితోనే వెళ్ళి దోన్ ఎలియోదోరో గుమ్మంలో కూర్చుంటాను. తోపుకి వెళ్ళాలన్నా, ఇంకెక్కడికన్నా వెళ్ళాలన్నా, ఆయన నన్ను దాటుకునే వెళ్ళాలి.